జీవశాస్త్ర విద్యార్థికి ఏ భౌతికశాస్త్రం?

ఇంటర్మీడియట్‌లో బై.పి.సి. శాఖను ఎన్నుకొన్న విద్యార్థిని "నీవు భౌతికశాస్త్రం ఎందుకు చదువుతున్నావు?" అని ప్రశ్నిస్తే లభించే సమాధానం తరచుగా ఒక్కటే: "పరీక్షలో ఉన్నది గనుక." వృక్షశాస్త్రాన్ని, జంతుశాస్త్రాన్ని ఇష్టంతో చదివే విద్యార్థులే, రసాయనశాస్త్రాన్ని అవసరమని అంగీకరించే విద్యార్థులే, భౌతికశాస్త్రం దగ్గరకు వచ్చేసరికి కట్టక తప్పని పన్నుగా భావిస్తారు. ఇందులో దోషం విద్యార్థులది కాదు. అధ్యాపకుల శ్రద్ధాలోపమూ కాదు. ఎవరికి ఏ భౌతికశాస్త్రం బోధించాలి అనే ప్రశ్నను మనం సరిగా వేసుకోకపోవడమే అసలు దోషం. ఇంజనీరు కాబోయే విద్యార్థికి ఉద్దేశించిన శాస్త్రం నుండి కొంత గణితాన్ని తొలగించి, మిగిలినదానిని వైద్యుడు కాబోయే విద్యార్థి చేతిలో పెడుతున్నాము. జీవశాస్త్ర విద్యార్థికి కావలసినది తగ్గించిన భౌతికశాస్త్రం కాదు; తనదైన భౌతికశాస్త్రం. ఈ వ్యాసం ప్రతిపాదించే విషయం ఇంతే.

ఈ మాటకు ఉదాహరణల కోసం దూరదేశాలకు పోనక్కరలేదు. మన నగరంలోని జూబిలీ హిల్స్, ఫిల్మ్‌నగర్ ప్రాంతాన్ని చూస్తే చాలును. తెలుగు చలనచిత్ర పరిశ్రమ మద్రాసును వీడి హైదరాబాదుకు తరలివచ్చిన క్రమంలో ఈ కొండరాళ్ల మధ్య స్టూడియోలు వెలసినవి. ఆ స్టూడియోల పొరుగుననే 1988లో అపోలో ఆసుపత్రి ప్రారంభమైనది. 2012లో దాని ప్రాంగణంలో వైద్యకళాశాల కూడ ఏర్పడినది. ఒకవైపు కటకాలు, దీపాలు, శబ్దగ్రహణ యంత్రాలు; మరొకవైపు ఎక్స్‌రే, అల్ట్రాసౌండ్, లేజర్ యంత్రాలు. జనులకు ఇవి రెండు వేర్వేరు లోకాలు. భౌతికశాస్త్రానికి మాత్రం రెండింటా పనిచేసేవి అవే కాంతి, అవే ధ్వని, అవే నియమాలు.

ఈ రెండు లోకాలను కలిపిన మహనీయుడొకరు ఉన్నారు. ఏలూరు ప్రాంతపు పల్లెలో జన్మించి, 1931లో వెలువడిన తొలి హిందీ టాకీ 'ఆలం ఆరా'లోను, తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'లోను నటించి, దర్శకుడుగా, నిర్మాతగా ఖ్యాతి గడించిన ఎల్.వి. ప్రసాద్ గారు నేత్రవైద్యాలయం కోసం పక్కనే ఉన్న బంజారా హిల్స్‌లో ఐదెకరాల భూమిని, కోటి రూపాయలను దానం చేశారు. డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు గారి సారథ్యంలో 1987లో ఆరంభమైన ఆ సంస్థ నేడు ప్రపంచ ప్రసిద్ధమైనది. కెమెరా కంటితో జీవించిన మనిషి మనుషుల కంటికి చేసిన సేవ అది. అయితే కెమెరాకు, కంటికి గల పోలికను పాఠ్యపుస్తకంలో ఒక బొమ్మగా గీసి వదిలిపెట్టే మన బోధన, ఆ పోలిక ఎక్కడ నిలుస్తుందో, ఎక్కడ విఫలమవుతుందో చెప్పదు. జీవశాస్త్ర విద్యార్థికి అవసరమైన పాఠం అక్కడే మొదలవుతుంది.

కెమెరాలో దూరం మారినప్పుడు కటకాన్ని ముందుకు వెనుకకు జరుపుతారు. కన్ను అలా చేయదు. తన కటకపు వంపునే మారుస్తుంది. కెమెరాలో కాంతిని వంచే పని అంతా కటకానిదే. కంటిలో ఆ పనిలో దాదాపు మూడింట రెండువంతులు ముందుభాగాన గల పారదర్శకమైన స్వచ్ఛపటలం చేస్తుంది. కంటి మొత్తం సామర్థ్యం సుమారు 60 డయాప్టర్లు కాగా, అందులో 40కి పైగా స్వచ్ఛపటలానివే. కారణమేమి? కాంతి గాలినుండి కంటిలోనికి ప్రవేశించేచోట వక్రీభవన గుణకంలో తేడా ఎక్కువ. నీటిలో మునిగి కళ్లు తెరిస్తే లోకమంతా మసకబారడానికి కారణం ఇదే. నీటికి, స్వచ్ఛపటలానికి గుణకాలు దాదాపు సమానం కనుక ఆ వంపు పనికిరాకుండా పోతుంది. బావిలో ఈదిన ప్రతి పిల్లవానికి తెలిసిన ఈ అనుభవం ఎన్ని తరగతులలో వక్రీభవన పాఠంగా మారుతున్నది?

ఈ విషయం కేవలం కుతూహలానికి సంబంధించినది కాదు. శుక్లాల శస్త్రచికిత్సలో మసకబారిన కటకాన్ని తీసి కృత్రిమ కటకాన్ని అమర్చుతారు. ఆ కటకం సామర్థ్యం ఎంత ఉండవలెనో ముందుగానే లెక్కించాలి. అందుకు స్వచ్ఛపటలపు వంపును, కంటిగుడ్డు పొడవును కొలుస్తారు. పొడవులో ఒక మిల్లీమీటరు పొరపాటు జరిగితే చూపులో రెండు డయాప్టర్లకు పైగా తేడా వస్తుంది. ఆ కొలత తీసేది తరచుగా శస్త్రవైద్యుడు కాదు, బై.పి.సి. చదివి, ఆపై నేత్రసంబంధమైన కోర్సు పూర్తిచేసిన యువతియో యువకుడో. యంత్రం చూపిన అంకె అసంభవంగా ఉన్నదని ఆ వ్యక్తి గుర్తించగలగాలి. ఒక వృద్ధురాలు శస్త్రచికిత్స తరువాత మనుమని ముఖాన్ని స్పష్టంగా చూడగలుగుతుందా లేదా అనేది ఆ గుర్తింపుపై ఆధారపడవచ్చును.

ఇక మన తరగతిగదుల స్థితిని చూద్దాము. బై.పి.సి. విద్యార్థి సాధారణంగా పదవ తరగతితో గణితాన్ని వదిలివేస్తాడు. అయినను భౌతికశాస్త్రంలో సదిశలు, ప్రక్షేపకాలు, వాలుతలాలు, కప్పీలు అతనికి ఎదురవుతాయి. వీటికి కావలసిన గణితాన్ని బోధించే సమయం లేదు కనుక సూత్రాలను కంఠస్థం చేయిస్తారు. వైద్యవిద్యా ప్రవేశపరీక్ష అయిన నీట్‌లో 720 మార్కులలో 180 మార్కులు భౌతికశాస్త్రానివి. అంటే సీటు నిర్ణయంలో నాలుగవ వంతు ఈ శాస్త్రానిదే. ఆశ్చర్యమేమిటంటే, వైద్యకళాశాల గడప దాటిన వెంటనే అది అదృశ్యమవుతుంది. ఎం.బి.బి.ఎస్. పాఠ్యక్రమంలో భౌతికశాస్త్రమనే ప్రత్యేక విషయమే లేదు. వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, రసాయనశాస్త్రం కలిపి డిగ్రీ చదివేవారికి కూడ ఇంటర్మీడియట్‌తోనే అది ముగిసిపోతుంది. ద్వారం దగ్గర కాపలాదారుగా నిలబెట్టిన శాస్త్రాన్ని ఇంటిలోనికి మాత్రం ఆహ్వానించడం లేదు. కాపలాదారును ఎవరు ప్రేమిస్తారు?

చరిత్రను పరిశీలిస్తే వైద్యానికి, భౌతికశాస్త్రానికి ఈ ఎడబాటు సహజమైనది కాదని తెలుస్తుంది. వెయ్యి సంవత్సరాల క్రితం ఇబ్నుల్ హైసమ్ తన 'కితాబుల్ మనాజిర్'లో, చూపు అనేది కంటినుండి వెలువడే కిరణం వల్ల కాక, వస్తువులనుండి కంటిలోనికి వచ్చే కాంతి వల్ల కలుగుతుందని నిరూపించాడు. కంటి నిర్మాణాన్ని, కాంతి నడకను అతడు ఒకే గ్రంథంలో చర్చించాడు. గొట్టాలలో ద్రవాల ప్రవాహ నియమాన్ని 1840 ప్రాంతంలో కనుగొన్న పోయిజీ ఫ్రెంచి వైద్యుడు. రక్తం సన్ననాళాలలో ఎలా ప్రవహిస్తుందన్న సందేహమే అతని ప్రయోగాలకు మూలం. 1840లో జావాకు వెళ్లిన ఓడలో వైద్యుడుగా ఉన్న జర్మన్ యువకుడు మేయర్, ఉష్ణదేశంలో నావికుల సిరలలోని రక్తం మరింత ఎర్రగా ఉండడం గమనించి, ఆ ఆలోచనను సాగించి 1842లో శక్తి నిత్యత్వ భావాన్ని ప్రకటించాడు. అదే నియమాన్ని 1847లో విస్తరించి చెప్పిన హెల్మ్‌హోల్ట్జ్ సైనిక వైద్యుడు. 1851లో కంటి లోపలిభాగాన్ని చూసే పరికరాన్ని లోకానికి అందించినవాడును ఆయనే.

మన తెలుగువారిలో యల్లాప్రగడ సుబ్బారావు గారి ఉదాహరణ చాలును. 1895లో భీమవరంలో జన్మించి, మద్రాసులో వైద్యం చదివి, అమెరికాలోని హార్వర్డ్ చేరిన ఆయన 1925లో ఫిస్క్‌తో కలిసి రక్తంలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రకటించారు. ద్రావణంలో ఏర్పడే నీలిరంగు ఎంత గాఢంగా ఉంటే భాస్వరం అంత ఎక్కువ. రంగు గాఢతనుండి పదార్థ పరిమాణాన్ని లెక్కించడం కాంతిశోషణ నియమమే కదా! ఈనాడు వీధి మూలనున్న రక్తపరీక్షా కేంద్రంలో అనేక పరీక్షలు అదే నియమంపై నడుస్తున్నవి. అక్కడ పనిచేసే టెక్నీషియనుకు ఆ నియమం పేరు తెలిసినా తెలియకపోయినా, అది ఎప్పుడు తప్పుతుందో తెలియకపోతే ఫలితం రోగికి ప్రమాదం. ద్రావణం మితిమీరి గాఢమైనప్పుడు రంగుకు, పరిమాణానికి గల సరళ సంబంధం చెడిపోతుంది. అప్పుడు నమూనాను పలుచన చేసి తిరిగి కొలవాలి. దీనిని బోధించేందుకు ఒక గాజుగొట్టాల వరుస, కొంచెం రంగునీరు చాలును.

అట్లయితే జీవశాస్త్ర విద్యార్థికి తగిన పాఠ్యక్రమం ఎలా ఉండాలి? కొన్ని ఉదాహరణలతో వివరిస్తాను.

మొదటిది ద్రవపీడనం. రక్తపోటు 120 మిల్లీమీటర్ల పాదరసమని చెప్పుకొంటాము. పాదరసం నీటికంటె 13.6 రెట్లు, రక్తం 1.06 రెట్లు బరువైనవి. కనుక 120 మిల్లీమీటర్ల పాదరసం సుమారు ఒకటిన్నర మీటర్ల రక్తస్తంభానికి సమానం. ఇదే లెక్కను ముందుకు సాగిస్తే, కొలిచేటప్పుడు చేయి గుండె మట్టానికి పది సెంటీమీటర్లు దిగువన ఉంటే రక్తపోటు ఏడెనిమిది మిల్లీమీటర్లు ఎక్కువగా కనిపిస్తుందని తేలుతుంది. చేతిని వేలాడదీసి కొలిస్తే ఆరోగ్యవంతుడు కూడ రోగిగా నమోదై, అక్కరలేని మాత్రలు మింగవలసి రావచ్చును. సెలైన్ సీసాను కొక్కేనికి ఎత్తుగా ఎందుకు తగిలిస్తారో, దానిని చేతికంటె దిగువకు దించితే రక్తం గొట్టంలోకి ఎందుకు ఎగదన్నుతుందో కూడ ఈ పాఠమే చెబుతుంది. ఆనకట్ట అడుగుభాగం ఎందుకు వెడల్పుగా ఉంటుందనే ప్రశ్న మంచిదే. కాని ఈ విద్యార్థికి ఇది ముందు రావాలి.

రెండవది ప్రవాహం. పోయిజీ నియమం ప్రకారం ఇతర పరిస్థితులు మారకుంటే ప్రవాహం గొట్టపు వ్యాసార్థం నాలుగవ ఘాతాన్ని అనుసరిస్తుంది. వ్యాసార్థం సగమైతే ప్రవాహం సగం కాదు, పదహారవ వంతు. వ్యాసార్థం ఐదవవంతు తగ్గితేనే ప్రవాహం నూటికి 41 వంతులకు పడిపోతుంది. ధమనులలో కొవ్వు పేరుకొనడం ఎందుకంత ప్రమాదమో, ప్రమాదంలో రక్తం కోల్పోయిన మనిషికి లావైన, పొట్టియైన సూదిగొట్టాన్నే ఎందుకు అమర్చుతారో దీనివల్ల అర్థమవుతుంది. అయితే రక్తం నీరు కాదు. రక్తనాళం ఇనుపగొట్టమూ కాదు. నియమం ఎంతవరకు చెల్లుతుందో చెప్పడం కూడ పాఠంలో భాగమే. జీవరాశి ఎదుట ప్రతి నియమమూ కొంత వినయంతో నిలబడాలని విద్యార్థి గ్రహిస్తే అదే గొప్ప విద్య.

మూడవది తలతన్యత. సబ్బునీటి బుడగలు రెండింటిని ఒక గొట్టంతో కలిపితే చిన్నబుడగ మరింత చిన్నదై, పెద్దబుడగ మరింత పెద్దదవుతుంది. చిన్నదానిలో పీడనం ఎక్కువ గనుక. మన ఊపిరితిత్తులలోని సూక్ష్మకోశాలు ఇట్లే ముడుచుకొనిపోకుండా ఒక పదార్థం తలతన్యతను తగ్గించి కాపాడుతుంది. నెలలు నిండకముందే జన్మించిన శిశువుల శ్వాసబాధకు ఆ పదార్థం లోపమే కారణమని 1959లో ఏవరీ, మీడ్ అనే శాస్త్రజ్ఞులు చూపారు. అనేకమంది పసివారిని బ్రతికించిన చికిత్సకు మూలం సబ్బుబుడగ పాఠమని చెబితే తరగతిలో నిద్రపోయే విద్యార్థి ఉండడు.

నాలుగవది తరంగాలు, వికిరణం. అల్ట్రాసౌండ్ పరీక్షకు ముందు పొట్టపై జిగురువంటి పదార్థాన్ని ఎందుకు రాస్తారు? గాలికి, శరీరానికి మధ్య ధ్వని దాదాపు పూర్తిగా పరావర్తనం చెందుతుంది. ఆ సన్నని గాలిపొరను తొలగించడానికే అది. ఎక్స్‌రే యంత్రానికి రెండింతల దూరంలో నిలబడితే తగిలే వికిరణం సుమారు నాలుగవ వంతవుతుంది. ఈ విలోమవర్గ నియమాన్ని పరీక్షకోసం రాసిన విద్యార్థి, రేపు చిన్న నర్సింగ్‌హోమ్‌లో ఉద్యోగం చేస్తూ తన దేహరక్షణకు దానిని వినియోగించుకోగలగాలి.

భ్రామకాన్ని గూర్చి కూడ ఒక మాట. డాక్టర్ ఎ.పి.జె. అబ్దుల్ కలాం గారు హైదరాబాదులోని రక్షణ పరిశోధనాలయంలో పనిచేస్తున్న కాలంలో నిజామ్ వైద్యవిజ్ఞాన సంస్థకు చెందిన ఒక ఎముకల వైద్యుడు ఆయనను ఆసుపత్రికి తీసుకొని వెళ్లి, మూడు కిలోలకు పైబడిన లోహపు కాలిపర్లను ఈడ్చుకొంటూ నడిచే పిల్లలను చూపించాడు. క్షిపణికోసం తయారైన తేలిక పదార్థంతో 300 గ్రాముల కాలిపర్లు రూపొందినవి. ఈ సంగతిని కలాం గారు పలుమార్లు స్వయంగా చెప్పారు. తుంటికీలుకు దూరంగా, కాలి చివర ఉన్న బరువు ప్రతి అడుగులోను ఎంత శ్రమ కలిగిస్తుందో లెక్కించడమే భ్రామక పాఠం. వాలుతలంపై జారే దిమ్మకంటె ఈ పిల్లల అడుగు మన విద్యార్థికి దగ్గరిది కాదా?

ఈ ప్రతిపాదనకు వచ్చే ఆక్షేపణలను కూడ విచారించవలసి ఉన్నది. ప్రవేశపరీక్ష అడిగేది ఒకటి, మీరు చెప్పేది మరొకటి అని కొందరు అనవచ్చును. నిజమే, ఇంటర్మీడియట్ పుస్తకాన్ని ఒక్క కళాశాల మార్చలేదు. కాని అదే పుస్తకంలోని అదే నియమానికి ఉదాహరణను ఎన్నుకొనే స్వాతంత్ర్యం అధ్యాపకునికి ఎవరూ నిరాకరించలేదు. డిగ్రీ స్థాయిలో జీవశాస్త్ర విభాగం, భౌతికశాస్త్ర విభాగం కలిసి ఒక చిన్న పరిచయ కోర్సును నడపడానికి ఆటంకం ఏమిటి? అర్థమైన నియమం పరీక్షలోను ఉపకరిస్తుంది. కంఠస్థం చేసిన సూత్రం ప్రశ్న కొంచెం మారగానే చేయి వదులుతుంది.

గణితం లేకుండా ఇదంతా సాధ్యమా అనేది రెండవ ఆక్షేపణ. గణితం వద్దని ఈ వ్యాసం చెప్పడం లేదు. నిష్పత్తి, ఘాతాలు, రేఖాచిత్రం చదవడం, ప్రమాణాలను మార్చడం, స్థూలంగా అంచనా వేయడం - ఈ ఐదింటిని గట్టిగా నేర్పాలి. మందు మోతాదును మిల్లీగ్రాములలోనుండి మైక్రోగ్రాములలోకి మార్చడంలో దశాంశ బిందువు ఒక స్థానం జరిగితే ఏమవుతుందో ఆలోచించండి. పైన ఇచ్చిన లెక్కలలో ఏ ఒక్కదానికీ కలనగణితం అవసరం రాలేదు.

యంత్రాలే అన్నీ లెక్కిస్తున్న కాలంలో వైద్యునికి ఇది ఎందుకనేది మూడవ ఆక్షేపణ. యంత్రం అంకెను ఇస్తుంది; ఆ అంకెను నమ్మవచ్చునా అన్న వివేకాన్ని ఇవ్వదు. అమెరికాలో వైద్యకళాశాలల సంఘం 2009లోనే కాబోయే వైద్యులకు కావలసిన శాస్త్రీయ పునాదులను పునర్నిర్వచిస్తూ నివేదిక వెలువరించినది. మేరీలాండ్ విశ్వవిద్యాలయం వంటివి జీవశాస్త్ర విద్యార్థులకోసం భౌతికశాస్త్ర కోర్సును కొత్తగా తీర్చిదిద్దినవి. యంత్రాలు ఎక్కువగా ఉన్న దేశమే ఈ అవసరాన్ని గుర్తించడం గమనింపదగినది.

చివరిగా భాష. మన కళాశాలకు వచ్చే విద్యార్థులలో కొందరు ఉర్దూ మాధ్యమంలోను, కొందరు తెలుగు మాధ్యమంలోను చదివి వచ్చినవారు. ఇక్కడ ఒక్కసారిగా ఆంగ్లపదాలు ఎదురుకాగానే, తెలిసిన విషయం కూడ తెలియనిదిగా తోస్తుంది. ఈ నగరంలోనే 1917లో అనువాద విభాగం ఏర్పడి, 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూలో శాస్త్రాలను, వైద్యాన్ని కూడ బోధించినది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి శాస్త్రగ్రంథాలను తెలుగులో అందించినది. ఆ వారసత్వం మనది. నల్లబల్లపై తలతన్యత పక్కన 'సతహీ తనావ్' అని, ఆ పక్కన ఆంగ్లపదాన్ని రాస్తే పోయేదేమున్నది? 'తనావ్' అంటే బిగువని ఉర్దూ ఇంటి పిల్లకు చెప్పనక్కరలేదు. 'జిగట' అంటే ఏమిటో తెలుగు పిల్లకు చెప్పనక్కరలేదు. భావం మాతృభాషలో నాటుకొన్న తరువాత ఆంగ్లపదం పేరుగా మాత్రమే మిగులుతుంది, భయంగా మిగలదు.

కావలసిన సామగ్రి కూడ స్వల్పమే: ఒక రక్తపోటు పరికరం, సెలైన్ గొట్టాలు, వేర్వేరు లావుల సూదులు, పాత కళ్లద్దాల కటకాలు, సబ్బునీరు, రంగునీరు. వారానికి ఒక గంట, ఒక కొలత, ఆ కొలతపై ఒక చర్చ. ఈ మాత్రం చేయడానికి విశ్వవిద్యాలయ ఉత్తర్వులు రానవసరం లేదు. ఇద్దరు అధ్యాపకులు కూర్చొని మాట్లాడుకొంటే చాలును.

మన విద్యార్థినీ విద్యార్థులలో అందరికీ వైద్యకళాశాలలో సీటు రాదు. నర్సులుగా, ప్రయోగశాల సహాయకులుగా, ఎక్స్‌రే టెక్నీషియన్లుగా, కంటిపరీక్షకులుగా, ఔషధ విక్రేతలుగా స్థిరపడేవారే ఎక్కువ. రోగి శరీరాన్ని మొదట తాకే చేతులు, మొదటి కొలత తీసే చేతులు వారివే. ప్రవేశపరీక్ష దృష్టిలో సీటు రాని విద్యార్థి చదివిన భౌతికశాస్త్రం వ్యర్థం. రోగి దృష్టిలో చూస్తే ఆ చదువుకే అందరికంటె ఎక్కువ విలువ. మన పాఠ్యక్రమాన్ని రోగి వైపునుండి ఒకసారి చూడవలసిందిగా అధ్యాపకులను, యాజమాన్యాన్ని కోరుతున్నాను. విద్యార్థులకు చెప్పేది ఒక్కటే: తరగతిలో నియమం వినగానే "ఇది శరీరంలో ఎక్కడ ఉన్నది?" అని అడగండి. ఆ ప్రశ్న అడిగే హక్కు మీకున్నది. సమాధానం చెప్పవలసిన బాధ్యత మాది.